బొచ్చె గుడ్లు నాలుగో గంటకి తెల్లబడతా ఉండాయి, మగచేపల జీన్స్ లోపమా?

కందుకూరు పక్కన చేపపిల్లల్ని పొదిగించే హ్యాచరీ లీజుకి తీసుకున్న తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. సాయంత్రం బొచ్చెకి, అంటే కట్లా చేపకి, గుడ్లు దింపే హార్మోన్ ఇంజెక్షన్ వేసి అర్ధరాత్రి దాటాక గుడ్లు పిండి మగచేప పాలతో కలపతా ఉండాడు, గుడ్లు బాగానే పొంగి మూడు గంటల దాకా అద్దంలా ఉంటా ఉండాయి, నాలుగో గంట నుంచి తెల్లబడటం మొదలై పొద్దునకల్లా సగానికి పైగా పోతా ఉండాయి, మిగిలిన స్పాన్‌లో, అంటే అప్పుడే పొదిగిన పిల్లల్లో, కూడా కొంత నడుం వంకర. ఒకాయన వచ్చి చూసి జీన్స్ లోపం, మగచేపలన్నీ మార్చెయ్ అన్నాడంట, ఇంకొకాయన నీళ్ళు బాలేదన్నాడంట. అసలు గుడ్డులో జీన్స్ ఎప్పుడు పనిలోకి దిగతాయి, ల్యాబుల్లో పరిశోధనకి వాడే సీబ్రా చేప మీద చదివింది మన బొచ్చెకి వర్తిస్తాదా అని ప్రశ్న.

ముందు జవాబు చెప్పేస్తా, సోది తర్వాత. మగచేపల జోలికి ఇప్పుడే పోబాక. గుడ్డులో పిండం సొంత జీన్స్ మొదటి రెండు మూడు గంటలు దాదాపు నిద్రలోనే ఉంటాయి. అప్పటిదాకా బండి నడిచేది తల్లి గుడ్డులో సర్ది పంపిన సరుకు మీదే. నువ్వు చెప్పిన టైం చూస్తే నాకు రెండే అనుమానాలు. ఒకటి, ఆ పోయిన గుడ్లలో చాలావరకు అసలు ఫలించనే లేదు. రెండు, తల్లి కడుపులోనే గుడ్లు ముదిరిపోయినాక పిండతా ఉండావు. నడుం వంకర మాత్రం వేరే కేసు, దాన్ని కింద చెప్తా.

నేను జువాలజీలో ఎమ్మెస్సీ చేసి, ఉద్యోగం దొరక్క కోవూరు వైపు ఒక హ్యాచరీలో చేరి అక్కడే ఇరవై సీజన్లు గడిపినోణ్ణి. చదివింది తక్కువ, పోగొట్టింది ఎక్కువ. నా మొదటి సీజన్లో నేనూ నీలాగే అద్దంలా మెరిసే గుడ్లు చూసి మురిసిపోయి, ముప్పై లక్షల స్పాన్ ఇస్తానని ఒక రైతు దగ్గర అడ్వాన్స్ కూడా తీసుకున్నా, మూడో రోజు హాపాలో, అంటే పిల్లల్ని ఉంచే వల తొట్టిలో, ఆరు లక్షలు కూడా తేలలా. ఆయన మంచోడు కాబట్టి తిట్టి వదిలేశాడు.

అప్పుడు నాకు తెలియంది ఏందంటే, చేప గుడ్డు పొంగటానికి మగచేప అక్కర్లా. నీళ్ళు తగిలితే చాలు. పైపొర కింద నీళ్ళు చేరి బొచ్చె గుడ్డు ఉడికిన సగ్గుబియ్యం గింజలాగా ఐదు మిల్లీమీటర్ల దాకా ఉబ్బుద్ది, తేటగా ఉంటాది, చేత్తో తీస్తే జారుద్ది. ఫలించిన గుడ్డు, ఫలించని గుడ్డు రెండూ అప్పుడు కవల పిల్లల్లాగే ఉంటాయి. ఫలించనిది కొన్ని గంటలు అట్టా ఉండి, లోపలి పొర పట్టు వదిలి, నీళ్ళు లోపలికి దూరి ప్రొటీన్ గడ్డకట్టి తెల్లబడుద్ది. అంటే నువ్వు "మూడు గంటలు బతికి నాలుగో గంటకి చచ్చినాయి" అనుకుంటా ఉండేవాటిలో చాలా గుడ్లు అసలు బతుకు మొదలుపెట్టినవే కాకపోవచ్చు.

తేల్చుకోవటం తేలిక. గుడ్లు కలిపిన గంట, గంటంబావుకి ఒక యాభై గుడ్లు తెల్ల సాసర్లోకి తీసి పది రెట్ల భూతద్దం పెట్టి చూడు, స్కూలు పిల్లల మైక్రోస్కోపు ఉంటే ఇంకా మంచిది. పచ్చసొన ఉండ మీద ఒక పక్కన చిన్న టోపీ కనపడుద్ది. ఫలించినదైతే ఆ టోపీ చక్కగా గీతలు గీసినట్టు ఎనిమిది, పదహారు, ముప్పై రెండు గడులుగా ఉంటాది, బెల్లం పాకం పళ్ళెంలో పోసి కత్తితో బిళ్ళలు కోసినట్టు. ఫలించనిదైతే ఒకటే ముద్ద, లేకపోతే అడ్డదిడ్డంగా పగిలిన ముక్కలు. ఫలించిన శాతం ఈ టైంలోనే లెక్కెయ్యాల, పొంగిందా లేదా చూసి కాదు. యాభైలో గడులున్నవి ముప్పై దాటకపోతే జీన్స్ మాట మర్చిపో. అప్పుడు చూడాల్సింది మిల్ట్, అంటే మగచేపని పిండితే వచ్చే పాలు. బొచ్చె మగకణం నీళ్ళు తగిలినాక చురుగ్గా కదిలేది నిమిషం లోపే, గుడ్డుకి అది దూరే కన్నం ఒకటే. కాబట్టి తడి బేసిన్లో పిండినా, చేపని సరిగ్గా తుడవక నీళ్ళు కారినా పని అయిపోయినట్టే. పొడి బేసిన్, పొడి గుడ్డ, కోడి ఈకతో కలిపి ఆ తర్వాతే నీళ్ళు. మగచేప జీన్స్ బంగారంలా ఉన్నా ఈ నిమిషం తప్పితే దండగ.

సరే, గడులు బాగానే ఉండాయి, అయినా నాలుగో గంటకి పోతా ఉండాయి అనుకుందాం. ఇప్పుడు జీన్స్ సంగతి.

తల్లిచేప గుడ్డు తయారుచేసేటప్పుడే అందులో పచ్చసొనతో పాటు ఆర్‌ఎన్‌ఏ చీటీలు, ప్రొటీన్లు నింపి పంపుద్ది. పొద్దున్నే పొలానికి పోయేవాడికి అమ్మ కట్టిచ్చిన సద్దిమూట అనుకో. పిండం మొదట చేసే పనంతా ఆ మూట విప్పుకుని తినటమే. సీబ్రా చేపలో లెక్క బాగా తెలుసు, 28.5 డిగ్రీల నీళ్ళలో కలిసిన ముప్పావు గంటకి మొదటి కణం రెండవుద్ది, అక్కడి నుంచి పావుగంటకొకసారి రెట్టింపు. మూడు గంటలకల్లా వెయ్యి కణాల దగ్గరికి పోతాది. ఇంత హడావుడిలో డీఎన్‌ఏ కాపీ తీసుకోవటానికే టైం సరిపోదు, ఇంక జీన్ తెరిచి చదివేది ఎప్పుడు. పదో విభజన దగ్గర్లో వేగం తగ్గుద్ది, కణాలు ఒకే లయ తప్పి ఎవరికి వాళ్ళు నడవటం మొదలుపెడతాయి, అప్పుడు పిండం సొంత జీన్స్ మేల్కొంటాయి. బ్లాస్టులా మధ్యలో జరిగే మార్పు అంటారు దీన్ని.

ఇక్కడ నాకు ఎప్పుడు చదివినా ముచ్చటేసే సంగతి ఒకటి ఉంది. ఆ జీన్స్ తాళం తీసే తాళంచెవులు, నానోగ్, పౌ5ఎఫ్3, సాక్స్19బి అని మూడు ప్రొటీన్లు, ఇవి కూడా తల్లి మూటలో పెట్టి పంపినవే. వాటిని తీసేసి చూస్తే కణాలు విభజన అయితే అవుతాయి గానీ తర్వాత మెట్టు ఎక్కలేక ఆగిపోతాయి. తాళం తీసినాక పిండం తయారుచేసే మొదటి వాటిలో మిర్-430 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ ఒకటి, దాని పని ఏందంటే తల్లి పంపిన చీటీల్ని ఏరి చింపెయ్యటం. ఇల్లు చేతికొచ్చిన కొత్త కోడలు పాత బీరువా సర్దినట్టే.

దీని తర్వాతే పెద్ద పని, పచ్చసొన ఉండ మీద టోపీగా ఉన్న కణాలు కిందికి పాకి ఉండనంతా కప్పాల, కప్పతానే తల, వీపు, తోక ఎటో తేలిపోవాల. మందు పెట్టి కొత్త ఆర్‌ఎన్‌ఏ తయారుకాకుండా ఆపితే సీబ్రా పిండం సరిగ్గా ఈ పాకటం మొదలుపెట్టలేక ఆగిపోయింది.

అయితే నాలుగో గంటలో పోయేది సొంత జీన్స్ పని చెయ్యకే కదా అన్నా, అందులో తండ్రివి సగం కదా అంటావు. బాగా అడిగావు అనుకుంటా. తండ్రివి పూర్తిగా లేకపోతే ఏమవుద్దో చేసి చూసినోళ్ళు ఉండారు. అమెరికాలో ఒరెగాన్ యూనివర్సిటీలో జార్జ్ స్ట్రైసింగర్ అని, సీబ్రా చేపని ల్యాబ్ చేపగా నిలబెట్టినాయన, ఆయన మగకణాలకి అల్ట్రావయొలెట్ కాంతి కొట్టి వాటి డీఎన్‌ఏ పాడుచేసి, ఆ మగకణాలతోనే గుడ్లలో ఎదుగుదల మొదలుపెట్టించాడు. 1981లో ఆ పని అచ్చయింది. తండ్రి డీఎన్‌ఏ ఒక్క ముక్క లేకుండా, తల్లి ఒక్క సెట్టుతోనే ఆ పిండం నాలుగో గంట దాటుద్ది, సొనని కప్పుద్ది, తల, కళ్ళు, గుండె కూడా పెట్టుద్ది, కాకపోతే పొట్టిగా ఉబ్బిపోయి కొద్ది రోజులకి చచ్చిపోతాది. తండ్రి జీన్స్ మొత్తం లేకపోతేనే నాలుగో గంటకి చావనిది, తండ్రిలో ఏదో ఒక జీన్ బాలేదని బ్యాచ్ సగం చస్తాదా? మగచేపలన్నీ మార్చెయ్ అన్న ఆయన మాట నాకు అందుకే ఒప్పదు.

నాలుగో గంట గట్టు దగ్గర పడేది మూట సరిగ్గా లేని గుడ్డు. మూట ఎందుకు పాడవుద్ది అంటే చాలావరకు మన చేతులారా. ఇంజెక్షన్ వేసినాక గుడ్లు సంచి నుంచి విడిపోయి కడుపులో వదులుగా పడతాయి, అక్కడి నుంచి గడియారం మొదలు. ఈ వేడికి గంట గంటన్నర దాటితే ముదురుతాయి. ముదిరిన గుడ్డు కూడా ఫలించొచ్చు, గడులు కూడా పడొచ్చు, తర్వాతే చతికిలబడుద్ది. మా దగ్గర ఒక ఏడాది వరసగా ఐదు బ్యాచ్‌లు పోతే నీళ్ళు టెస్ట్ చేయించాం, మేత మార్చాం, మందు కంపెనీ మార్చాం. చివరికి తేలింది ఏందంటే చేప పదకొండున్నరకే రెడీ అయితా ఉంటే, పిండే కుర్రోళ్ళు సెకండ్ షో సినిమా చూసుకుని రెండింటికి వస్తా ఉండారు. అంతే కథ. ఇప్పుడు నేను ఇంజెక్షన్ వేసిన ఐదో గంట నుంచి అరగంటకొకసారి పొట్ట మీద మెల్లగా వేలితో తడిమి చూస్తా, గుడ్లు రెండు చుక్కలు వాటంతటవే జారితే అప్పుడే పిండుడు, ఎవరు వచ్చినా రాకపోయినా.

తల్లి వైపు నిజంగా జీన్ తప్పు కూడా ఉండొచ్చు, అది చాలా విచిత్రంగా ఉంటాది. సీబ్రాలో హులువా అని ఒక జీన్ ఉంది, 2018లో చైనా వాళ్ళు బయటపెట్టారు. వీపు ఎటు రావాలో, తల ఎక్కడ మొలవాలో మొదటి గురుతు పెట్టేది అది, తల్లి మూటలోనే వస్తాది. ఆ జీన్ రెండు కాపీలూ చెడిన ఆడచేప చూడటానికి ఏ లోపం లేకుండా పెరుగుద్ది, గుడ్లు పెట్టుద్ది, కానీ దాని పిల్లలకి తల, వీపు రావు, ఏ మగచేపతో కలిపినా అంతే. బకీబాల్ అని ఇంకొకటి ఉంది, అది చెడిన తల్లి గుడ్డుకి పైన ఏదో కింద ఏదో తెలియదు. అంటే తప్పు తల్లి ఒంట్లో ఉంటాది, శిక్ష పిల్లకి పడుద్ది, తండ్రి పాత్ర సున్నా. మా దగ్గర ఆరు కిలోల బొచ్చె ఒకటి ఉండేది, నిగనిగలాడతా, చూసినోళ్ళందరూ దానికే ఇంజెక్షన్ వెయ్యమనేవాళ్ళు. మూడు సీజన్లు నలుగురు మగవాళ్ళతో వేశాం, గడులు పడతాయి, ఒక్కటి కూడా తోక ఊపే దాకా రాలా. అది ఏ జీనో ల్యాబ్‌కి పంపి చూసింది లేదు, తీసేసి పులుసు పెట్టాం.

ఇప్పుడు నడుం వంకర. దీనికీ జీన్స్‌కీ జనం వెంటనే ముడేస్తారు, నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. ఒకే ఆకారం లోపం జీన్ వల్లా రావొచ్చు, నీళ్ళ వల్లా రావొచ్చు. 1907లోనే చార్లెస్ స్టాకర్డ్ అనే ఆయన చేప గుడ్లని మెగ్నీషియం క్లోరైడ్ కలిపిన సముద్రపు నీళ్ళలో పెట్టి నుదుటి మధ్యలో ఒంటికన్ను పిల్లల్ని పుట్టించాడు. సరిగ్గా ఆ ఒంటికన్నే సీబ్రాలో సైక్లాప్స్ అనే జీన్ చెడితే కూడా వస్తాది. ఆకారం చూసి కారణం చెప్పేవాణ్ణి నమ్మబాక.

వెన్నెముక కణుపులు చెరుకుగడ కణుపుల్లాగా ముందు నుంచి వెనక్కి ఒక్కొక్క జత పడతా పోతాయి, సీబ్రాలో అరగంటకొక జత, మొత్తం ముప్పై జతల దాకా. హెర్1, హెర్7 అనే జీన్స్ గడియారం ముల్లులాగా ఆన్, ఆఫ్ అవతా ఈ లెక్క పెడతాయి. ఆ టైంలో కొద్దిసేపు వేడి షాక్ తగిలిస్తే కణుపులు కలిసిపోయి వంకర తిరగతాయని ల్యాబుల్లో చూశారు. నువ్వు రాత్రి ఒంటిగంట రెండింటికి గుడ్లు కలిపితే బొచ్చెకి తోక కణుపులు పడేది సరిగ్గా మధ్యాహ్నం ఎండ వేళకి. మన వైపు జూన్‌లో వానలు పెద్దగా పడవు, మన వానలు ఎక్కువగా అక్టోబరు నవంబరు ఈశాన్యానివి, మృగశిర వచ్చినా రోహిణి ఎండే కాస్తా ఉంటాది. మా హ్యాచరీలో ఓవర్‌హెడ్ ట్యాంక్ నుంచి తొట్టికి నల్ల ప్లాస్టిక్ పైపు నలభై అడుగులు ఎండలో పడుండేది. బోరు నీళ్ళు 29, తొట్టిలో రాత్రి 28, అంతా బాగుందనుకున్నా. ఒకరోజు మధ్యాహ్నం మోటారు ఆగి మళ్ళీ వేసినాక పైపులోంచి వచ్చిన మొదటి నీళ్ళకి థర్మామీటర్ పెడితే 37 చూపించింది. ఆ బ్యాచ్‌లో వంకర స్పాన్ వంద ఏరి చూస్తే దాదాపు అన్నింటికీ వంకర ఒకే చోట, మలద్వారం వెనకాల. పైపు మట్టిలో పూడ్చి పైన తాటాకులు కప్పాం, వంకర పోయింది. సీబ్రా పిండం 25 నుంచి 33 డిగ్రీల మధ్య మామూలుగా ఎదుగుతుందని రాశారు, మన కార్ప్‌లకి కూడా 27 నుంచి 31 లోపల ఉంచటం మంచిది.

కాలవ నీళ్ళు వాడతా ఉంటే వరికి కొట్టిన పురుగుమందు కూడా ఇట్టాంటి వంకరలు తెస్తాది, అది చూసుకో. పుట్టినప్పుడు బాగుండి, ఇంకాస్త పెరిగి ఫ్రై సైజుకి వచ్చినాక వంకర వస్తే మేతలో సి విటమిన్ తక్కువై ఉండొచ్చు, దానికీ దీనికీ సంబంధం లేదు.

మరి జీన్ లోపం ఎట్టా కనపడుద్ది? లెక్కలో కనపడుద్ది. మామూలుగా ఇట్టాంటి లోపాలు తల్లి నుంచి ఒకటి తండ్రి నుంచి ఒకటి వస్తేనే బయటపడతాయి, ఇద్దరూ మోసేవాళ్ళయితే నాలుగో వంతు పిల్లలకి వస్తాది, అదీ అన్నింటికీ ఒకే రకం లోపం, ఒకే టైంలో. క్రిస్టియానె నుస్లైన్-ఫోల్‌హార్ట్ బృందం జర్మనీలో, వోల్ఫ్‌గాంగ్ డ్రీవర్ బృందం అమెరికా బోస్టన్‌లో వేల సీబ్రా కుటుంబాల్ని పెంచి, ఇట్టా నాలుగో వంతు చెడిన గుంపుల్ని ఏరి ఏరి 1996లో వందల జీన్స్ పట్టుకున్నారు. తోక రానివి, రక్తం ఎర్రగా లేనివి, గుండె కొట్టుకోనివి. నీ తొట్టిలో సగానికి పైగా పోయింది, పోయినవి రకరకాలుగా పోయినాయి, అన్ని బ్యాచ్‌లూ అట్టాగే ఉండాయి. ఇది నాలుగో వంతు లెక్క కాదు.

జీన్స్ అసలు లెక్కలోకే రావని నేను అనటంలా. 1957 జూలై 10న ఒడిశా అంగుల్‌లో హీరాలాల్ చౌధురి గారు పిట్యూటరీ గ్రంథి రసం ఇంజెక్షన్‌తో కార్ప్‌ని గుడ్లు పెట్టించేదాకా సీడ్, అంటే చేపపిల్ల, చాలావరకు నదుల్లో పట్టిందే, ఆ తర్వాత హ్యాచరీ చేప పిల్లే మళ్ళీ హ్యాచరీలో తల్లి అవతా వచ్చింది. నాలుగు తల్లులు, రెండు మగవాళ్ళ పిల్లల్నే పెంచి మళ్ళీ వాటినే వాడుకుంటే అన్నాచెల్లెళ్ళ కలయికలే, పైన చెప్పిన నాలుగో వంతులు అప్పుడు పోగవతాయి, ఎదుగుదల పడిపోతాది. భువనేశ్వర్‌లో సిఫా అనే మంచినీటి చేపల పరిశోధన సంస్థ వాళ్ళు జయంతి రోహు అనే మేలురకం శీలావతిని తయారుచేసేటప్పుడు గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర చేపల్ని ఫారం చేపలతో కలిపి మొదలుపెట్టింది అందుకే. మూడు నాలుగేళ్ళకొకసారి బయట నుంచి కొత్త బ్రూడర్లు, అంటే పిల్లల కోసం వాడే పెద్ద చేపలు, తెచ్చుకో, మగవే కాదు ఆడవి కూడా. కానీ ఆ రోగం మెల్లగా ఏళ్ళ మీద కనపడుద్ది, నాలుగో గంటకి తెల్లబడి కాదు.

సీబ్రా చదువు బొచ్చెకి పనికొస్తాదా అన్నావు. పనికొస్తాది. రెండూ కార్ప్ వరసలోవే, దగ్గరి చుట్టాలు, సీబ్రా కూడా మన దేశం చేపే. హామిల్టన్ అనే దొర 1822లో గంగ చేపల్ని వర్ణించినప్పుడు బొచ్చె, శీలావతి, సీబ్రా మూడింటికీ పేర్లు పెట్టాడు. మెట్ల వరస ఒకటే, గంటలు మాత్రం అట్నే ఎత్తి పెట్టుకోబాక. సీబ్రా పిల్ల బయటికి రావటానికి రెండు మూడు రోజులు పడితే బొచ్చె పదిహేను పద్దెనిమిది గంటల్లో వచ్చేస్తాది, ఇంకా సగం తయారైన పిల్లగానే.

ఈసారి ఇట్టా చెయ్. రెండు ఆడవి, రెండు మగవి తీసుకో, ఒక్కో ఆడదాని గుడ్లు రెండు భాగాలు చేసి రెండు మగవాటితో విడివిడిగా కలుపు, నాలుగు చిన్న హాపాలు, ఒకే నీళ్ళు. పిండిన టైం రాసుకో. గంటంబావుకి గడులు లెక్కెయ్, ఆరో గంటకి సొన కప్పిందా చూడు, మధ్యాహ్నం రెండింటికి పైపు నీళ్ళ వేడి చూడు. ఒక ఆడదాని రెండు హాపాలూ పోతే తల్లి, ఒక మగదానివి రెండూ పోతే మిల్ట్, నాలుగూ పోతే నీళ్ళు లేకపోతే నీ గడియారం. చచ్చిన గుడ్లు ఎప్పటికప్పుడు తీసెయ్, బూజు పట్టి పక్కవాటిని కూడా చుట్టుకుంటాది.

ఆ నాలుగు లెక్కలు ఇక్కడే పెట్టు, నేను చూస్తా. అప్పటిదాకా మగచేపల్ని ఎవరికీ అమ్మబాక.